సొలొమోను మందిరం కూలింది క్రీ.పూ. 587లోనా, 586లోనా?

బైబిలు తరగతి కోసం కాలపట్టిక తయారుచేస్తుంటే యెరూషలేము మందిర దహనానికి ఒక పుస్తకంలో క్రీ.పూ. 587, మరొక పుస్తకంలో 586, యూదుల సంప్రదాయ గణనలో 420 దరిదాపులు కనిపించాయనీ, పట్టికలో ఏది వేయాలో తోచడం లేదనీ మీరు అడిగారు. తెలుగు శాసనాల తేదీలను క్రీస్తు శకంలోకి మార్చే పని నేను కొంతకాలం చేశాను. శాసనంలో ఉన్న శక సంవత్సరం గతమా (పూర్తయినదా), వర్తమానమా (నడుస్తున్నదా) అన్నది తేల్చుకోకుండా లెక్క మొదలుపెడితే ఏడాది తేడా రావడం అక్కడ మామూలే. మీ చిక్కులో సగం ఆ కోవలోనిదే కనుక, అదే పద్ధతిలో నేను వేసుకున్న లెక్కను వివరిస్తాను.

ముందుగా మందిరం కాలిన సంవత్సరాన్ని పక్కన పెట్టి, అంతకుముందు జరిగిన యెహోయాకీను చెరను, అంటే ఆ యూదా రాజును బబులోనుకు బందీగా తీసుకుపోయిన ఘటనను, పట్టుకోండి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక బబులోను మట్టిపలక, బబులోను రాజు నెబుకద్నెజరు తన ఏడవ సంవత్సరం అదారు నెల రెండవ రోజున యూదా పట్టణాన్ని, అంటే యెరూషలేమును, పట్టుకొని, అక్కడి రాజును బంధించి, తనకు నచ్చినవాడిని రాజుగా నిలిపాడని చెబుతుంది. అది క్రీ.పూ. 597 మార్చి 16. ఈ తేదీని గట్టిగా నమ్మవచ్చు. ఎందుకంటే అదే రాజు 37వ సంవత్సరంలో చంద్రుడూ గ్రహాలూ ఎక్కడెక్కడ కనిపించాయో రాసిన మరో పలక బెర్లిన్‌లో ఉంది, ఆ వివరాలు క్రీ.పూ. 568-567కు సరిపోతాయి. మందిరం కాలిన సంవత్సరానికి మాత్రం ఇటువంటి పలక లేదు. ఆ మొదటి పలకలోని వృత్తాంతం క్రీ.పూ. 594తో ఆగిపోతుంది, గొడవంతా అక్కడే వచ్చింది.

ఇప్పుడు బైబిలు లెక్క చూడండి. యెహోయాకీను చెరను రాజులు రెండవ గ్రంథం 24వ అధ్యాయం నెబుకద్నెజరు ఎనిమిదవ సంవత్సరంలో పెడితే, యిర్మీయా 52:28 ఏడవ సంవత్సరంలో పెడుతుంది. మందిర దహనాన్ని రాజుల గ్రంథం 19వ సంవత్సరమంటుంది, యిర్మీయా 52:29లోని చెరపట్టిక (చెరపోయినవారి లెక్కల జాబితా) 18వ సంవత్సరమంటుంది. రెండు చోట్లా తేడా సరిగ్గా ఒకటే. బబులోను వారు రాజు గద్దెనెక్కిన సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోరు, తరువాతి నీసాను నుంచి, అంటే మన ఉగాది ప్రాంతం నుంచి, మొదటి సంవత్సరం మొదలవుతుంది. నెబుకద్నెజరు క్రీ.పూ. 605 సెప్టెంబరులో గద్దెనెక్కాడు కనుక అతని మొదటి సంవత్సరం 604 వసంతంలో ఆరంభమైంది. ఆ లెక్కన 18వ సంవత్సరపు అయిదవ నెల 587 వేసవిలో పడుతుంది. గద్దెనెక్కిన సంవత్సరాన్ని కూడా కలుపుకున్న రాజుల గ్రంథకర్తకు అదే 19వది అయిందని నేను అనుకుంటున్నాను.

586 అనేవారి వాదన కూడా తేలికగా కొట్టిపారేయదగినది కాదు. 19వ సంవత్సరాన్ని బబులోను పద్ధతిలోనే లెక్కిస్తే 586 వేసవి వస్తుంది. 18వ సంవత్సరంలో చెరపోయిన 832 మంది పట్టణం పడకముందు, ముట్టడి సమయంలోనే పట్టుబడినవారని వారు అంటారు. నాకు ఈ వివరణ అంత రుచించలేదు. చెరపట్టికలో ఏడవ సంవత్సరం మట్టిపలకతో అక్షరాలా కలుస్తున్నప్పుడు, దాని పక్కనే ఉన్న 18వ సంవత్సరాన్ని చిన్న ఘటనగా తగ్గించడానికి వేరే ఆధారం కావాలి. మందిరం కాలింది యూదా చివరి రాజు సిద్కియా పదకొండవ సంవత్సరంలో; దాన్ని నీసాను నుంచి లెక్కించాలా, శరత్కాలంలో వచ్చే తిష్రీ నెల నుంచి లెక్కించాలా అన్నది మరో పేచీ. ఆ వాదనను బట్టి 587 రావచ్చు, 586 కూడా రావచ్చు, కాబట్టి దానితో తీర్పు చెప్పబోకండి.

రోజు విషయానికొస్తే, రాజుల గ్రంథం అయిదవ నెల ఏడవ రోజంటుంది, యిర్మీయా పదవ రోజంటుంది. శత్రువులు ఏడున లోపలికి వచ్చి, తొమ్మిది సాయంత్రం నిప్పు పెడితే, పదవ రోజంతా మండిందని యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్మూదు సర్దిచెప్పింది. మందిరం కూలినందుకు యూదులు చేసే ఉపవాసం తొమ్మిదవ రోజుకే స్థిరపడింది.

420 దరిదాపుల సంగతి మాత్రం పూర్తిగా వేరు. సెదెర్ ఓలామ్ అనే ప్రాచీన యూదు కాలగణన గ్రంథం దానియేలులోని 70 వారాలను 490 ఏళ్లుగా తీసుకొని, చెరకు 70, రెండవ మందిరానికి 420 ఏళ్లు కేటాయించింది. రెండవ మందిరం కూలిన క్రీ.శ. 70 నుంచి ఆ 490 ఏళ్లు వెనక్కి పోతే మొదటి మందిర దహనం క్రీ.పూ. 420 దరిదాపుల్లో పడుతుంది. నిజానికి రెండవ మందిరం క్రీ.పూ. 515 నుంచి క్రీ.శ. 70 వరకు 584 ఏళ్లు నిలిచింది. సుమారు 165 ఏళ్ల ఈ కొరత చాలావరకు పారసీక రాజుల కాలాన్ని కుదించడం వల్ల వచ్చినదే. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ దీనికి ఎదురువైపు మొగ్గి, పారసీక రాజు కోరెషు రెండవ సంవత్సరం నుంచి రెండవ మందిరం కూలేదాకా ఏకంగా 639 ఏళ్లని రాశాడు. ఇవి ఏ సంవత్సరం ఎప్పుడు మొదలైందన్న పేచీలు కావు కనుక వీటిని 587-586 తేడాతో కలిపి ఒకే గడిలో పెట్టకండి, సంప్రదాయ గణన అని వేరే వరుస ఇవ్వండి.

మీ పట్టికలో 597 మార్చిని నిస్సంకోచంగా వేయండి. మందిర దహనానికి 587 అని రాసి, పక్కన "కొందరి లెక్కలో 586" అని చేర్చండి. రెండవ మందిరం పూర్తికావడం పారసీక రాజు దర్యావేషు ఆరవ సంవత్సరం అదారు మూడవ రోజున జరిగిందని ఎజ్రా 6:15 చెబుతుంది. అది క్రీ.పూ. 515 మార్చిలో పడుతుంది, దానికి సందేహపు గుర్తు అవసరం లేదు.