సర్కారు బడి కమిటీలో చేర్చుకున్నారు, మీటింగుకి మాత్రం ఎవరూ రారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: తిరుపతి పక్కన పల్లెలో మండల పరిషత్ ప్రాథమిక బడి, 40 మంది పిలకాయలు, ఇద్దరు టీచర్లు. మీ పాప రెండో తరగతి. మిమ్మల్ని బడి యాజమాన్య కమిటీకి, అంటే తల్లిదండ్రుల కమిటీకి ఎన్నుకున్నారు. మీటింగుకి నలుగురు కూడా రారు, రిజిస్టరే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంటుంది. డబ్బు వసూలు చేయకుండా, టీచర్లతో తగువు పడకుండా అమ్మానాన్నల్ని బడికి ఎట్లా దగ్గర చేయాలి?

చంద్రగిరి, తిరుపతి రూరల్ వైపు బడుల్లో ఈ కమిటీ పనులు చూసినంతలో చెప్తున్నా. ముందు మీటింగు వేళ మార్చండి. తల్లిదండ్రులకు బడంటే పట్టదు అనేవాళ్ళు పెట్టిన మీటింగులన్నీ పొద్దున పదకొండుకే ఉంటాయి. ఆ వేళకు రావాలంటే కూలికి పోయే అమ్మకి ఒక పూట కూలి పోతుంది. పాడి ఉన్న ఇంట్లో పొద్దునా సాయంత్రం పాలు పోసే వేళకు ఎవరూ కదలరు. టౌను పక్క ఊళ్ళలో హోటళ్ళు, లాడ్జీలు, పూల అంగళ్ళు, ఆటోల మీద బతికేవాళ్ళు ఎక్కువ. కొండకు జనం వచ్చేది శని, ఆదివారాలు కాబట్టి అందరూ ఖాళీ అనుకునే ఆదివారమే వీళ్ళకి ఊపిరాడదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో మీటింగు మాటే ఎత్తొద్దు. చిత్తూరు వైపు అయితే ఇంకో చిక్కు: బడి తెరిచేది జూన్ 12, సరిగ్గా తోతాపురి మామిడి కోతల రోజులు. తోటలకు, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు జూలై గడిచేదాకా చేతికి దొరకరు.

మిగిలేది బడి వదిలే వేళ. బిడ్డల్ని తీసుకుపోవడానికి గేటు కాడికి అమ్మలు, అవ్వలు ఎట్లాగూ వస్తారు. ఆ 20 నిమిషాల్నే మీటింగు చేసుకోండి. అవ్వ వస్తే అవ్వనే కూర్చోబెట్టండి. ఇంట్లో బిడ్డ దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆమే.

పిలిచే మాట కూడా మార్చాలి. 'పాఠశాల అభివృద్ధిపై సమావేశం' అని బిడ్డ చేతికి చీటీ ఇస్తే అది సంచిలోనే నలిగిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెడితే ఫోను నాన్న జేబులో ఉంటుంది, అమ్మకి తెలియదు. 'అక్కా, మంగళవారం బడి వదిలాక మీ చిన్నోడు పుస్తకం చదువుతాడు, వినిపోదువు రా, 20 నిమిషాలే' అని ఎదురుగా చెప్పండి. వీధికి ఒక అమ్మ, ఆమెకి ఏడెనిమిది ఇళ్ళు. గ్రూపులో పెట్టేదైతే టైపు చేయకుండా గొంతుతో పెట్టండి, చదవడం రాని వాళ్ళకీ అందుతుంది. ఏ తల్లి అయినా తన బిడ్డ కోసమే వస్తుంది, బడి కోసం రావడం ఆ తర్వాత అలవాటవుతుంది. ఈ వరస తిరగేసి 'అందరూ బడి కోసం రావాలి' అని మొదలుపెట్టిన కమిటీలు రెండో నెలకే చల్లబడతాయి.

ఐదు తరగతులూ ఒకేసారి పెట్టుకోవద్దు. మీ పాప తరగతితోనే మొదలుపెట్టండి. మీ లెక్కన తరగతికి ఎనిమిది మంది, ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు అనుకున్నా ఆ 20 నిమిషాల్లో అయిపోతుంది. టీచరుతో ముందురోజే మాట్లాడి రెండు పేజీలు ఎంచుకోండి: తెలుగు వాచకంలో చెప్పేసిన పాఠం నుంచి ఒకటి, చెప్పని పాఠం నుంచి ఒకటి. ఇది చాలా ముఖ్యం. చెప్పేసిన పాఠం పిలకాయలు గడగడా అప్పజెప్తారు, ఇంట్లో వాళ్ళు మురిసిపోతారు, అసలు చదువు వచ్చిందో లేదో తెలియదు. వరసలో మధ్య మాట మీద వేలు పెట్టి 'ఇదేంది?' అని అడిగితే తేలిపోతుంది. చదువురాని అమ్మ కూడా కనిపెట్టగలదు. బిడ్డ వేలు, గొంతు కలిసి నడుస్తున్నాయా చూడమనండి. గొంతు ముందుకు పోయి వేలు వెనకబడితే అది బట్టీ. రెండో తరగతిలో ఎక్కువ మంది ఆగేది ఒత్తుల దగ్గర. 'అమ్మ' చదివిన పిల్ల 'చక్రం' దగ్గర నిలబడిపోతుంది. టీచరు ఆ ఒక్క సంగతి అమ్మకి చెప్తే చాలు, మార్కుల జాబితా అక్కర్లేదు. ఏ బిడ్డ ఎక్కడున్నదీ ఆ బిడ్డ ఇంటివాళ్ళకే, కొంచెం పక్కకి పిలిచి చెప్పాలి. పదిమందిలో 'మీవాడికి ఏమీ రాదు' అనిపించుకున్న నాన్న మళ్ళీ ఆ గేటు దాటడు.

ఇంటికి ఇచ్చే పని కూడా చిన్నదిగా ఉండాలి. రోజూ 15 నిమిషాలు, అమ్మ వంట చేసేటప్పుడు బిడ్డ పక్కన కూర్చుని పైకి చదవాలి, అయ్యాక 'ఏముంది దాంట్లో?' అని అమ్మ ఒక్క ప్రశ్న అడగాలి. లెక్కలకు అంగడి చీటీ చాలు. 50 ఇచ్చి 32 రూపాయల సరుకు తెస్తే ఎంత తిరిగి రావాలో బిడ్డనే చెప్పమనండి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిలకాయలు ఉంటారు. 'ఇంట్లో తెలుగే మాట్లాడండి' అని వాళ్ళ అమ్మల్ని తొందరపెట్టొద్దు. చదివిన కథను తమిళంలో చెప్పించినా బిడ్డకి అర్థమైందీ లేనిదీ తెలుస్తుంది, అమ్మకి కూడా బెరుకు పోతుంది.

చదువు వినే పని రెండు నెలలు నిలబడ్డాక పుస్తకాల బీరువా సంగతి చూడండి. చాలా బళ్ళలో కథల పుస్తకాలు ఉంటాయి, తాళం కూడా ఉంటుంది. టీచర్లు పిసినారులై కాదు. స్టాకు రిజిస్టరులో పుస్తకం తగ్గితే జవాబు చెప్పుకోవాల్సింది హెడ్మాస్టరు, అంటే హెచ్‌ఎం. కాబట్టి 'వాడకంలో చిరిగిన, పోయిన పుస్తకాల పూచీ కమిటీది, ఏడాది చివర లెక్క చూసి తీర్మానం రాస్తాం' అని ముందే రిజిస్టరులో రాసివ్వండి. ఆ తర్వాత తాళం తీయమని అడగండి. గోడకి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో 30 పుస్తకాలు తగిలించండి. ఒక నోటుబుక్కులో బిడ్డ పేరు, పుస్తకం, తేదీ. శనివారం ఒక అమ్మ అరగంట కూర్చుంటే 40 మందికీ మార్చి ఇవ్వొచ్చు.

ఇక మధ్యాహ్న భోజనం. అందరూ ముందు దీని మీదే పడతారు, అందుకే దీన్ని మొదటి పనిగా పెట్టుకోవద్దంటాను. తనిఖీకి వచ్చినట్టు వస్తే వంటామె, టీచరు ఒకవైపు, మీరు ఒకవైపు అయిపోతారు. నాలుగు వారాలు చదువు విన్నాక, మొహాలు అలవాటయ్యాక వంటగది గడప తొక్కండి. లెక్క మాత్రం తెలిసి ఉండాలి. ప్రాథమిక తరగతుల బిడ్డకి రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 40 మందీ వచ్చిన రోజు 4 కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు, 2 కిలోల కూరగాయలు, 200 గ్రాముల నూనె. మన రాష్ట్రంలో వారానికి ఐదు గుడ్లు.

పప్పు పలచగా ఉందంటే వంటామెను దొంగ అనేయడం ఊళ్ళలో క్షణం పట్టదు. కారణాలు వేరే ఉంటాయి. తూకం లేక గ్లాసుతో కొలుస్తుంటే రోజుకో రకంగా వస్తుంది. దీనికి ఒక చిన్న కాటా కొనిపెట్టడమే మందు. బిల్లులు ఆలస్యమైతే వంట ఏజెన్సీ వాళ్ళు అంగట్లో అప్పు తెచ్చి వండుతారు, అప్పు దొరకని రోజు కూరగాయలు తగ్గుతాయి. అది వంటామెతో తేలేది కాదు, ఏ నెల బిల్లు ఆగిందో రాసుకుని మండల విద్యాశాఖ అధికారికి, అంటే ఎంఈఓకి ఇవ్వాలి. ఇంకోటి, ఎవరూ గమనించనిది: వడ్డించేటప్పుడు గరిటె అడుగుదాకా పెట్టి కలపకపోతే ముందు వరసలో కూర్చున్న ఒకటో తరగతి పసివాళ్ళకి పైనీళ్ళు, చివరన ఐదో తరగతికి గట్టిపప్పు పోతాయి. కలిపి వడ్డించమని నెమ్మదిగా చెప్తే ఆ పూటే మారుతుంది. గుడ్లు ఉడకబెట్టే ముందు బకెట్టు నీళ్ళలో వేయండి, తేలినవి తీసేయాలి. బియ్యం మూటలు నేలమీద, గోడకి ఆనించి పెడితే చెమ్మ పట్టి పురుగొస్తుంది, కింద చెక్కలు వేసి గోడకి జానెడు దూరం జరపాలి.

పిల్లలకి పెట్టే ముందు ఒక టీచరు రుచి చూడాలని నియమం ఉంది. వారానికి ఇద్దరు అమ్మలు, చెరొక రోజు, వడ్డించే ముందు వచ్చి టీచరుతో పాటు తిని, రుచి రిజిస్టరులో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. 'బాగుంది' అని రాయొద్దు. 'అన్నం కొంచెం బిరుసు, గుడ్లు 38, పిలకాయలు 38' అని రాయండి. ఏదైనా తప్పు కనిపిస్తే పిల్లల ముందు వంటామెతో మాట్లాడొద్దు.

మరుగుదొడ్లు, నీళ్ళ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఆడపిల్లల దొడ్డికి లోపలి గడియ, బకెట్టు, మగ్గు, సబ్బు ఉన్నాయా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని వారానికోసారి చూస్తే సగం ఫిర్యాదులు ఉండవు. నీళ్ళ ట్యాంకుకి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి వాడాలి. పాతబడిన, గాలి తగిలిన పౌడరు పనిచేయదు.

డబ్బు దగ్గర ఒకే నియమం పెట్టుకోండి: కమిటీ చేతికి నగదు రానివ్వొద్దు. ఎవరైనా సాయం చేస్తామంటే వస్తువుగా తీసుకుని, అదే రోజు స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. తిరుపతి కదా, మొక్కుకున్నామని బడికి ఏదో ఇచ్చిపోయేవాళ్ళు దొరుకుతారు. వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే గోడ గడియారాలు మూడు వస్తాయి, ఫ్యాను ఒక్కటీ రాదు. కావాల్సిన వాటి జాబితా గోడకి అంటించి అందులోంచి ఎంచుకోమనండి. ఫ్యాను ఇచ్చేవాళ్ళు వైరింగు, స్విచ్చు, బిగింపు కూలి కూడా కలిపి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయనివ్వకండి.

సర్కారు డబ్బు వేరే. సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పథకం కింద బడికి ఏటా ఇచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది దాకా 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు పెట్టాలి. విడతలుగా వస్తుంది. మార్చి దగ్గర పడ్డాక వస్తే హడావుడిగా ఏదో ఒకటి కొనేస్తారు. అందుకే ఆగస్టులోనే 'డబ్బు వస్తే మొదట ఇది, తర్వాత అది' అని తీర్మానం రాసిపెట్టుకోవాలి. ఆ గ్రాంటు ఖర్చు చూడడం మీ హక్కే. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి పనితీరు, గ్రాంట్ల వాడకం చూడడం, అభివృద్ధి ప్రణాళిక రాయడం వాళ్ళ పని. బిడ్డ హాజరు, చదువు గురించి తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడడం టీచరు విధి అని 24వ సెక్షను చెప్తుంది. ఈ రెండూ తెలిసి ఉంటే చాలు, గొంతు పెంచక్కర్లేదు.

తల్లికి వందనం, అంటే బిడ్డను బడికి పంపే తల్లికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి బడి గేటు దగ్గర గొడవలు జరుగుతుంటాయి. 2025 జూన్‌లో వేసినప్పుడు 15,000లో 13,000 తల్లి ఖాతాకి, 2,000 బళ్ళ నిర్వహణకి అని ప్రభుత్వమే విడదీసింది. హెచ్‌ఎం చేతికిచ్చింది కాదు. డబ్బు పడకపోవడానికి ఎక్కువసార్లు కారణం తల్లి ఖాతాకి ఆధార్ లింకు లేకపోవడం, పేర్లు కలవకపోవడం, లేదా 75 శాతం హాజరు లేకపోవడం. ఏప్రిల్లోనే ఇంటింటికీ అడిగి సరిచేయిస్తే ఆ గొడవ ఉండదు, మీ కమిటీ మీద నమ్మకం కూడా దీంతోనే ఎక్కువ పెరుగుతుంది.

టీచరుతో ఇబ్బంది వస్తే పాఠం జరిగేటప్పుడు తరగతిలోకి పోవద్దు. ముందు ఆ టీచరుతో, తర్వాత హెచ్‌ఎంతో, అప్పటికీ కాకపోతే మీటింగులో రాసి, ఆ నకలుతో ఎంఈఓకి. బిడ్డను కొట్టారంటే మాత్రం ఈ వరస పట్టుకుని కూర్చోవద్దు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షను దాన్ని నిషేధించింది, ఆ రోజే రాసివ్వండి. ఊళ్ళో పార్టీల మాట బడి గేటు బయటే ఉండాలి. చైర్మన్ ఏ పార్టీ మనిషి అనే లెక్క మొదలైతే రెండోవైపు ఇళ్ళ అమ్మలు రావడం మానేస్తారు, వాళ్ళ బిడ్డలే నష్టపోతారు.

రిజిస్టరు ఇంటింటికీ తిరగడం ఆపాలంటే ప్రతి మీటింగులో మూడే రాయండి: పోయినసారి అనుకున్నది అయిందా, ఈసారి ఎవరు ఏ పని ఎప్పటికి, మళ్ళీ ఎప్పుడు కలుస్తాం. అక్కడే చదివి వినిపించి, అక్కడే సంతకాలు. రాష్ట్రమంతా బళ్ళలో ఒకేరోజు జరిగే మెగా పేరెంట్ టీచర్ మీటింగు రోజు ముగ్గులు, భోజనాలతో పండగలా ఉంటుంది, ఆ రోజు బిడ్డ చదువు గురించి నింపాదిగా మాట్లాడే వీలుండదు. వచ్చినవాళ్ళని పలకరించి, వచ్చే మంగళవారానికి పిలుచుకోవడానికి ఆ రోజును వాడుకోండి.

ఇంకొక్కటి, కమిటీలు ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. పని నేర్చుకున్న అమ్మల్లో కొందరు ఐదో తరగతి పిల్లల తల్లులు. బిడ్డ ఆరుకి పోగానే వాళ్ళూ పోతారు, జూన్‌లో మళ్ళీ మొదటికొస్తుంది. మార్చి నుంచే ఒకటో తరగతి అమ్మల్ని ఒక్కొక్కరిని పాతవాళ్ళకి జత చేయండి, అంగన్‌వాడీ నుంచి రాబోయే పిల్లల అమ్మల్ని కూడా ఒక మంగళవారం పిలవండి. ఏప్రిల్ ఆఖరి వారంలో పుస్తకాల నోటుబుక్కు, రుచి చూసే వంతుల చీటీ, వీధుల వారీ పేర్ల జాబితా వాళ్ళ చేతికిచ్చి, జూన్‌లో మొదట ఏ రోజు కలిసేదీ అప్పుడే రాసుకోండి. మామిడి కోతలున్న ఊరైతే ఆ తేదీ జూలై చివర్లో పెట్టుకోండి.