బైక్ మీద పిస్టల్ పెట్టుకుని రాష్ట్రాలు దాటొచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. గ్రీన్ కార్డ్ ఉంది. షాపులో పద్ధతి ప్రకారం కొన్న 9 ఎంఎం పిస్టల్ కూడా ఉంది. టెక్సస్‌లో అక్కర్లేదు కదా అని లైసెన్స్ తీసుకోలేదు. నేనూ, హెచ్-1బి మీద ఉన్న నా ఫ్రెండూ చెరో బైక్ మీద పెన్సిల్వేనియా మీదుగా న్యూజెర్సీ వెళ్లి, ఎడిసన్‌లో మా కజిన్ ఇంట్లో రెండ్రోజులుండి, అక్కణ్నుంచి నయాగరా చూసి రావాలనుకుంటున్నాం. పిస్టల్ వెంట ఉంచుకోవచ్చా? శాడిల్ బ్యాగ్‌లో పెట్టి తాళం వేస్తే ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందని ఒకరు చెప్పారు. పానాలు, కత్తి లాంటి వాటితో కూడా ఇబ్బంది వస్తుందా?

జవాబు: ఈ రూట్‌లో పిస్టల్ తీసుకెళ్లకండి. అన్ని చోట్లా నిషేధమని కాదు. మీరు ఆగబోయే చోటు, మీతో వస్తున్న మనిషి, మీ గ్రీన్ కార్డ్, ఈ మూడూ కలిసి మీకు ఎదురు తిరుగుతాయి.

ఆ తాళం మాట పూర్తిగా గాలి కబురేం కాదు. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటుంది, సెక్షన్ 926ఎ. తుపాకీ ఉంచుకోవడమూ, వెంట తిప్పుకోవడమూ మీకు చట్టబద్ధమైన చోట బయల్దేరి, అలాగే చట్టబద్ధమైన ఇంకో చోటికి వెళ్తుంటే, మధ్యలో వచ్చే రాష్ట్రాల నిషేధం మీకు అడ్డు రాదు. కానీ తుపాకీలో గుండు ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు. డ్రైవర్ చోటుకు వేరుగా డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్సూ కన్సోలూ లెక్కలోకి రావు. బైక్‌కు డిక్కీ లేదు కాబట్టి మీకు వర్తించేది ఈ తాళం పెట్టె నిబంధనే.

చిక్కు గమ్యం దగ్గరే వస్తుంది. న్యూజెర్సీ దాటి పోవడం వేరు, న్యూజెర్సీకే వెళ్లడం వేరు. మీ గమ్యం ఎడిసన్. న్యూజెర్సీ పర్మిట్ లేని మీకు అక్కడ హ్యాండ్‌గన్ వెంట ఉంచుకునే హక్కు లేదు, అందుకని 926ఎ ఎడిసన్ దాకా తోడు రాదు. కజిన్ ఇల్లు మీ ఇల్లు కాదు గనుక సొంతింటి మినహాయింపూ దక్కదు. పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ అక్కడ సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్ల జైలు. తుపాకీ నేరాలకు కనీస శిక్ష పెట్టే అక్కడి గ్రేవ్స్ యాక్ట్ ప్రకారం పెరోల్ లేకుండా లోపల ఉండాల్సిన కాలం కనీసం 42 నెలలు. సడలింపు దొరకొచ్చు గానీ, అది ప్రాసిక్యూటర్ దయ.

దాటిపోయే వాళ్లకు కూడా రాత్రి బస ప్రమాదమే. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న విమాన ప్రయాణికుడొకరు నెవార్క్‌లో ఫ్లైట్ అందక, తుపాకీ ఉన్న సామాను తీసుకుని రాత్రి హోటల్లో ఉన్నారు. పొద్దున ఎయిర్‌పోర్టులో ఆయనే తుపాకీ ఉందని చెప్పారు, అరెస్ట్ చేశారు. కేసు తర్వాత కొట్టేసినా, ఆయన వేసిన దావాలో 2010లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఏమందంటే, హోటల్లో సామాను ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి 926ఎ రక్షణ లేదని. మోటెల్ రూమ్‌కి లాక్‌బాక్స్ మోసుకెళ్లే బైకర్ పరిస్థితీ అంతే.

న్యూజెర్సీ మానేసి తిన్నగా నయాగరా వెళ్లినా న్యూయార్క్ ఉంది. ఇతర రాష్ట్రాల లైసెన్స్‌లను న్యూయార్క్ గుర్తించదు. తుపాకీ వెంట ఉంచుకునే హక్కును సమర్థించిన 2022 నాటి సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత కూడా అక్కడ వాళ్ల లైసెన్స్ ఉండాల్సిందే. పైగా తుపాకీతో పాటు దానికి సరిపోయే తూటాలు మీ దగ్గరుంటే చాలు, అవి వేరే సంచిలో ఉన్నా, న్యూయార్క్ చట్టం దాన్ని లోడ్ చేసిన తుపాకీగానే చూస్తుంది.

దారిలో పెన్సిల్వేనియా సంగతి చూడండి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండిన వాళ్లకు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకునే వీలుంది. ఆ వీలు టెక్సస్ గీత దగ్గరే ఆగిపోతుంది. పెన్సిల్వేనియాలో లైసెన్స్ లేకుండా బండిలో తుపాకీ ఉంటే నేరం, అది థర్డ్ డిగ్రీ ఫెలొనీ (పెద్ద నేరం) దాకా వెళ్లొచ్చు. అందుకే ఈ ట్రిప్ సంగతి పక్కనపెట్టి, టెక్సస్ ఎల్‌టీసీ (హ్యాండ్‌గన్ వెంట ఉంచుకునే లైసెన్స్) తీసుకోమంటాను. ఫీజు 40 డాలర్లు, క్లాసు 4 నుంచి 6 గంటలు, గ్రీన్ కార్డ్ వాళ్లూ అర్హులే. దాన్ని గుర్తించే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. జాబితా మారుతుంటుంది, బయల్దేరే వారంలో ఆయా రాష్ట్రాల అటార్నీ జనరల్ సైట్లలో చూసుకోండి.

ఎల్‌టీసీకి ఇంకో ఉపయోగం ఉంది, ఇది చాలామందికి తట్టదు. ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలు ఆవరణకు 1000 అడుగుల లోపు తుపాకీ ఉండకూడదు. ఆ రాష్ట్రమే లైసెన్స్ ఇచ్చిన వాళ్లకు మినహాయింపు, లేదా గుండు తీసేసి తాళం పెట్టెలో ఉంచాలి. టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదని నడుముకు పిస్టల్ పెట్టుకుని ఊళ్ల మధ్య నుంచి పోయే రైడర్, స్కూలు ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఈ చట్టం పరిధిలోకి వస్తున్నట్టే.

ఇక మీ ఫ్రెండ్ విషయం అన్నిటికన్నా ముఖ్యం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద వచ్చిన వాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం సెక్షన్ 922(జి)(5)(బి) కింద ఫెడరల్ నేరం. 15 ఏళ్ల దాకా జైలు. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమైనా తేడా ఏమీ లేదు. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అది కూడా ఈ ఫెడరల్ నిషేధం వరకే, రాష్ట్రాల నిబంధనలు అలాగే ఉంటాయి.

‘దగ్గర ఉంచుకోవడం’ అంటే సొంతమని కాదు. దారిలో ఏదో నేషనల్ పార్క్ దగ్గర ఆగారనుకోండి. పార్కులో తుపాకీకి 2010 నుంచి ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది. కానీ విజిటర్ సెంటర్ ఫెడరల్ భవనం, లోపలికి తీసుకెళ్లకూడదు. కారైతే లాక్ చేసి వెళ్తారు. బైక్ మీదున్న మీరు ‘రెండు నిమిషాలు పట్టుకో’ అని పౌచ్ ఫ్రెండ్ చేతిలో పెడతారు. ఆ రెండు నిమిషాలకే నేరం పూర్తయింది. సరదాగా బైకులు మార్చుకుని, తుపాకీ ఉందని తెలిసీ మీ బండి అతను నడిపినా అంతే. షూటింగ్ రేంజ్‌లో అద్దె పిస్టల్ పేల్చి ఫోటో పెట్టుకునే వాళ్లందరూ ఈ పేరా ఇంకోసారి చదవండి.

పిస్టల్ చట్టబద్ధంగా తీసుకెళ్లగలిగే రూట్ ఎప్పుడైనా పెట్టుకుంటే ఇలా సర్దండి. మ్యాగజీన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి వేలితో తడిమి, స్టీల్ లాక్‌బాక్స్‌లో పెట్టండి. బాక్స్ కేబుల్‌ను బైక్ ఫ్రేమ్‌కు చుట్టండి. తోలు శాడిల్ బ్యాగ్ బకిల్ తాళం కాదు, గట్టి ప్లాస్టిక్ బ్యాగ్ తాళం స్క్రూడ్రైవర్‌కు లొంగిపోతుంది. మ్యాగజీన్లు ఖాళీగా ఉంచి, తూటాలు అట్టపెట్టెలోనే రెండో వైపు బ్యాగ్‌లో, అదీ తాళం వేసి పెట్టండి. లాక్‌బాక్స్ తాళంచెవి ఇగ్నిషన్ కీ గుత్తిలో వేలాడితే ‘చేతికి అందదు’ అన్న మీ వాదన అక్కడే సగం పోతుంది, దాన్ని సామాను అడుగున పెట్టండి. నయాగరాలో కెనడా వైపు వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఏ పెట్టె అయినా ఒకటే, హ్యాండ్‌గన్‌తో ఆ వంతెన ఎక్కకూడదు.

పనిముట్లకు ఇంత భయం అక్కర్లేదు, కానీ ఎక్కడ పెట్టారన్నది చూస్తారు. న్యూజెర్సీలో ఏ వస్తువైనా, సక్రమమైన పనికి అని చూడగానే తెలియని పరిస్థితిలో దగ్గరుంటే ఆయుధం కింద కేసు పెట్టొచ్చు. టూల్ రోల్‌లో అలెన్ కీలు, టైర్ లివర్లు, పంచర్ కిట్‌తో కలిసి ఉన్న సుత్తి పనిముట్టే. అదే సుత్తి నడుము బెల్టుకు వేలాడుతుంటే ఆఫీసర్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే. క్లచ్ లీవర్‌కు కట్టే తోలు జడ చివర బరువైన లోహం ఉంటే తీసేయండి. పిడికిలికి తొడిగే ఇనప నకిల్స్ టెక్సస్‌లో 2019 నుంచి నేరం కాదు గానీ కాలిఫోర్నియా లాంటి చోట్ల నేరమే. మడత కత్తి ఉన్న మల్టీటూల్ చాలు, దాన్నీ టూల్ రోల్‌లోనే ఉంచండి. ఆత్మరక్షణకు పెప్పర్ స్ప్రే ఉంది. న్యూజెర్సీలో 18 ఏళ్లు నిండిన వాళ్లు ముప్పావు ఔన్సు దాకా ఉంచుకోవచ్చు.

చివరిగా మీ గ్రీన్ కార్డ్. తుపాకీ ఉంచుకోవడం, వెంట తిప్పడం మీద ఏ చట్టం కింద శిక్ష పడినా, అది చిన్నదే అయినా, దేశం నుంచి పంపేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదొక్కటే కారణం సరిపోతుంది. మీరొచ్చి ఎన్నేళ్లయిందన్న దానితో పని లేదు. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకుంటే, తీర్పును వాయిదా వేసి ప్రొబేషన్‌లో ఉంచే టెక్సస్ డిఫర్డ్ అడ్జుడికేషన్‌తో సహా, ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్షే. కాబట్టి ఎక్కడైనా ఆపి పట్టుకుంటే పేరు, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఇవ్వండి. తనిఖీకి ఒప్పుకోనని మర్యాదగా చెప్పండి, అయినా తనిఖీ చేస్తే అడ్డుపడొద్దు. మిగతా ప్రశ్నలకు లాయర్ వచ్చాకే జవాబిస్తానని చెప్పండి. మిషిగన్, నార్త్ కరోలినా లాంటి చోట్ల వెంట తుపాకీ ఉంటే ఆఫీసర్ అడగకముందే చెప్పాలి, అది వేరే సంగతి. ‘ఫైన్ కట్టి పోవచ్చు’ అని ఎవరు ఆశ చూపినా, ఇమిగ్రేషన్ లాయర్ చదవని ప్లీ (నేరం ఒప్పుకునే) కాగితం మీద సంతకం పెట్టకండి. డిపోర్టేషన్ ప్రమాదం గురించి క్లయింట్‌కు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని సుప్రీంకోర్టు 2010లో పాడిల్లా కేసులో చెప్పింది. మీ లాయర్‌ను ఆ ప్రశ్న నేరుగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.