కీబోర్డు మాస్టారి ల్యాప్‌టాప్‌కి రెండు రూపాయల వడ్డీ ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో, క్రిస్మస్‌కి చర్చిల్లో కీబోర్డు వాయిస్తాను. ఇంట్లో పిల్లలకి క్లాసులు చెబితే నెలకి 9 వేల దాకా వస్తాయి, ప్రోగ్రాముల డబ్బు సీజన్‌ని బట్టి. కార్డ్స్ (పాటకి తోడుగా ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) ఇస్తే వెనక బ్యాండంతా తనే వాయించే బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటర్ కావాలి. నెల్లూరులో ఒక షాపులో 62 వేల ల్యాప్‌టాప్ చూపించారు. 14 వేలు ముందు కట్టి, మిగతాది నెలకి 3,200 చొప్పున 18 నెలలు కట్టాలట. వడ్డీ నూటికి రూపాయి పది పైసలే అంటున్నారు. నా చేతిలో 34 వేలున్నాయి. ఈఎంఐ తీసుకోనా, మా పాప ఇంటర్ ఫీజు కోసం కడుతున్న చీటీ పాడేసుకోనా సార్?

జవాబు: రెండూ వద్దు మాస్టారూ. చేతిలో ఉన్న డబ్బుతోనే మీకు కావాల్సిన కంప్యూటర్ వస్తుంది.

ముందు ఆ రూపాయి పది పైసల సంగతి తేలుద్దాం. అప్పు 48 వేలు. 3,200 చొప్పున 18 నెలలంటే 57,600. అంటే వడ్డీ 9,600. దాన్ని 48 వేల మీద 18 నెలలకి పంచితే షాపువాళ్లు చెప్పిన లెక్కే వస్తుంది, అబద్ధమేమీ కాదు. కానీ 48 వేలూ పద్దెనిమిది నెలలు మీ దగ్గరే ఉంటాయా? నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారుగా. తొమ్మిదో వాయిదా కట్టేసరికి మీ బాకీ ఇంచుమించు 26 వేలే, వడ్డీ మాత్రం మొత్తం 48 వేలకీ లెక్కగట్టి వేశారు. ఉన్న బాకీ మీదే లెక్కేస్తే ఇది నూటికి రెండు రూపాయల వడ్డీ. మన ఊళ్లలో నోటు రాయించుకుని ఇచ్చే అప్పు ఈ రేటుకి దొరుకుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటే అవి అదనం.

వడ్డీ కన్నా నాకు భయం మీ ఆదాయం వచ్చే తీరు చూసి. ఆషాఢంలో ముహూర్తాలుండవు. శుక్ర మూఢం పడితే ఒక్కోసారి రెండు నెలలు దాటినా పెళ్లి మాట ఉండదు. ఆ నెలల్లో 9 వేల ట్యూషన్ డబ్బులోంచి 3,200 పోతే ఇల్లు గడవడం కష్టం. మూఢం ఉందని ఫైనాన్స్ కంపెనీ వాయిదా మాఫీ చేయదు, చెక్ బౌన్స్ చార్జీ వేస్తుంది. చీటీ సంగతి ఇంకా తేలిక: పాప ఫీజుకి కడుతున్నది పాప ఫీజుకే. ముందుగా పాడితే పోగొట్టుకునేది కూడా ఉంది, జూన్‌లో మళ్లీ వెతుక్కోవాల్సిందీ మీరే.

ఇక యంత్రం. షాపబ్బాయి 62 వేలది ఎందుకు చూపించాడో ఊహించగలను. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ అనగానే స్టూడియో రికార్డింగ్ అనుకుంటారు. కెనడాకి చెందిన పీజీ మ్యూజిక్ కంపెనీ ఈ బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌ని మొదట తెచ్చింది 1990లో, అప్పటి కంప్యూటర్ల మీద. మిడి స్టైల్స్‌కి, అంటే రికార్డు చేసిన శబ్దం కాకుండా ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సూచనలతో నడిచే వాటికి, ఈనాటికీ పెద్ద బలమేమీ అక్కర్లేదు. నిజమైన వాద్యకారులు వాయించి రికార్డు చేసిన రియల్ ట్రాక్స్ వాడితేనే బరువు, అదీ ఎక్కువగా డిస్కు మీద. పెద్ద ప్యాకేజీలని హార్డ్‌డిస్కులో వేసి పంపేది అందుకే. కాబట్టి మీరు డబ్బు పెట్టాల్సింది వేగంగా పనిచేసే డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీ మీద, ర్యామ్ మీద. గేమ్స్ కోసం పెట్టే గ్రాఫిక్స్ కార్డు మీకు దండగ.

ఆఫీసులు మూడునాలుగేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ చూడండి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలీట్‌బుక్ 840 జీ5, ఈ మూడూ 2018 నాటి గట్టి సరుకు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో 20 వేలకి అటూ ఇటూగా అడుగుతారు. ఈమధ్య ర్యామ్ రేట్లు పెరిగాయి కాబట్టి 16 జీబీది కాస్త ఎక్కువకి దొరికినా తీసుకోండి. ఒక్క షరతు: ప్రాసెసర్ ఎనిమిదో జెన్ (ఎనిమిదో తరం) కన్నా పాతది కాకూడదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అంతకన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు దేని మీదా విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఐ7 స్టిక్కర్ చూసి మురిసిపోవద్దు. నాలుగో జెన్ ఐ7 కన్నా ఎనిమిదో జెన్ ఐ5 మీకు నయం.

కొనేటప్పుడు మీ హెడ్‌ఫోన్స్, యూఎస్‌బీ కేబుల్, వీలైతే కీబోర్డు కూడా పట్టుకెళ్లండి. ఏదైనా పాట పెట్టి, ఆపి, వాల్యూమ్ నిండా పెంచి వినండి. చార్జర్ పెడితే గుయ్‌మని, తీస్తే ఆగిపోతే, అదే గుయ్ రేపు మండపంలో మిక్సర్‌లోంచి వెయ్యి మందికి వినిపిస్తుంది. వేరే చార్జర్‌తో చూడండి, అప్పటికీ పోకపోతే డీఐ బాక్సు (ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టి ఇలాంటి గుయ్ ఆపే చిన్న పెట్టె) ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. బ్యాటరీ సంగతి షాపు వాళ్ల మాట మీద వదలొద్దు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, తర్వాత స్పేస్ ఇచ్చి స్లాష్ బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) అని కొట్టమనండి. వచ్చే రిపోర్టులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి. రెండోది మొదటి దాంట్లో సగానికి పడిపోయుంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించుకుని బేరమాడండి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో వెయ్యి, రెండు వేలు తక్కువకి దొరకొచ్చు, కావలి నుంచి వెళ్లేవాళ్లూ ఉన్నారు. కానీ పాడైతే మళ్లీ రైలెక్కాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో బిల్లు, ఆరు నెలల వారంటీ రాసిచ్చే చోట కొనడమే నాకిష్టం.

స్టేజీ మీద ల్యాప్‌టాప్ ఆగిపోతే ఎలా అని భయం అక్కర్లేదు. ఇంట్లోనే పాటని మగగొంతు స్కేల్‌లో ఒకటి, ఆడగొంతు స్కేల్‌లో ఒకటి ఆడియో ట్రాకుగా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో, ఫోన్‌లో పెట్టుకోండి. కీబోర్డు సౌండు కీబోర్డులోంచే వస్తుంది గనుక నొక్కాక ఆలస్యంగా పలకడమనే గొడవా ఉండదు, ఆ ఆలస్యం తగ్గించడానికి కంప్యూటర్‌కి తగిలించే ఖరీదైన ఆడియో ఇంటర్‌ఫేస్ ఇప్పుడే కొనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ మాత్రం తొందరపడి కొనకండి. అందులో ఎక్కువగా ఉండేవి జాజ్, కంట్రీ, పాప్ నడకలు. చర్చి పాటలకి బాగా సరిపోతాయి. పెళ్లి పాటల్లో డోలక్, తబలా దెబ్బ కావాలంటే ఇండియన్ స్టైల్స్ ఉన్న మీ కీబోర్డే ఇంకా మెరుగ్గా పలకొచ్చు. ముందు ఫోన్‌లో ఐరియల్ ప్రో పెట్టి చూడండి. కార్డ్స్ రాస్తే వాయించే పద్ధతి దాంట్లోనూ ఉంది, ఖర్చు చాలా తక్కువ. ఒక నెల దాంతో పిల్లలకి క్లాసులు చెప్పాక కూడా పెద్దది కావాలనిపిస్తే, వచ్చే ముహూర్తాల డబ్బుతో బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌లో చిన్న ప్యాకేజీ అయిన ప్రో తీసుకోండి. వంద డాలర్ల పైమాటే. కార్డు మీద డాలర్లలో కడితే బ్యాంకు మూడు, మూడున్నర శాతం దాకా మార్కప్ వేస్తుంది, అదీ కలుపుకోండి. ఒకసారి కొంటే మీదే, ఏటా వచ్చే కొత్త వెర్షన్‌కి మళ్లీ కట్టాలన్న నియమం లేదు.