ఇల్లు – సందేహాలు: గ్యాస్ గీజర్

ప్రశ్న: మా స్నానాల గదిలో ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ ఉంది. చలికాలం మొదలయ్యాక టిక్ టిక్‌మని చప్పుడు వస్తున్నా ఒక్కోసారి మంట అంటుకోవడం లేదు. వేడినీళ్లు కూడా సన్నగా వస్తున్నాయి. స్నానం చేసి వచ్చాక తలనొప్పిగా ఉందని, తల తిరుగుతోందని మా అబ్బాయి అంటున్నాడు. సెల్స్ మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీరు చివర్లో రాసిన సంగతికే ముందు జవాబు చెప్పాలి. గీజర్‌ను ఈ రోజే కట్టేయండి. ఆరు లీటర్ల గీజర్ బర్నర్ వంటింటి పెద్ద బర్నర్ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ గ్యాస్ మండిస్తుంది. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో దానికి గాలి చాలక గ్యాస్ సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. గ్యాస్ లీకైతే ముక్కు పట్టేస్తుంది గానీ, దీనికి రంగూ వాసనా లేవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది కనుక, తల తిరిగి, కాళ్లు తేలిపోయి, తలుపు గడియ తీసే ఓపిక కూడా లేకుండా పోతుంది. అబ్బాయిని డాక్టరుకు చూపించి, గీజర్ సంగతి తప్పక చెప్పండి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ విషవాయువు ఉన్నా అంకెలు బాగానే చూపిస్తుంది, దాన్ని నమ్ముకోకండి.

ఇక యంత్రం సంగతి. నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు డయాఫ్రమ్ కదిలి స్విచ్ నొక్కుతుంది, రెండు 1.5 వోల్టుల సెల్స్ నుంచి స్పార్క్ పుడుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట వేడికి రాగి గొట్టాల్లో పారే నీరు అప్పటికప్పుడు కాగుతుంది. మంట అంటుకున్నట్టు సెన్సర్ గుర్తించకపోతే గ్యాస్ ఆగిపోతుంది. టిక్ టిక్‌మంటోందంటే నీటి ఒత్తిడి చాలుతున్నట్టే. సెల్స్ నీరసించాయా అన్నది మార్చి చూస్తే తెలుస్తుంది. అప్పటికీ అంటుకోకపోతే సిలిండర్ అడుగంటిందేమో చూడండి, ఎందుకంటే చలికి గ్యాస్ ఒత్తిడి తగ్గుతుంది. అసలు చప్పుడే రాని ఇళ్లలో అయితే సెల్స్‌తో పాటు ట్యాంకు ఎత్తు చాలకపోవడాన్ని కూడా అనుమానించాలి.

నీళ్లు సన్నగా రావడానికి ఇన్‌లెట్ జాలీలో చేరిన ఇసుక గానీ, బోరు నీటి ఉప్పు రాగి గొట్టాల్లో పేరుకోవడం గానీ కారణం కావచ్చు. జాలీ మీరే కడుక్కోవచ్చు. ఉప్పు పొర మెకానిక్ తీయాలి. అదే సమయంలో గొట్టాల చుట్టూ ఉండే రేకుల్లోని మసిని కూడా తీయించండి. ఆ మసి పొగదారిని మూసేస్తుంది, మంట నీలంగా కాక పసుపుగా మండుతుంది, విషవాయువు పెరుగుతుంది. అయితే ఎంత శుభ్రం చేయించినా గీజర్‌ను మళ్లీ ఆ గదిలోనే బిగించకండి. గాలి బాగా ఆడే బాల్కనీ గోడకు బిగించి, వేడినీటి పైపు ఒక్కటే లోపలికి ఇప్పించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. బయటిగాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ పొగను గదిలోకే లాగవచ్చు.

ప్రశ్న: సిలిండర్ ఎన్ని స్నానాలకు రావాలి?

జవాబు: ఇరవై లీటర్ల బకెట్ నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 45 గ్రాముల గ్యాస్ పడుతుంది. ఆ లెక్కన 14.2 కిలోల సిలిండర్ మూడు వందల బకెట్లకు రావాలి. నీళ్లు బాగా చల్లగా ఉంటే కాస్త తగ్గుతుంది. సగానికే అయిపోతుంటే గొట్టం కీళ్ల దగ్గర సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. నారింజ రంగు రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి.