కరిగింది సరే, జబ్బు తగ్గిందా?

ప్రశ్న: నేను ఫార్మస్యూటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. పసుపులో ఉండే కర్కుమిన్ నీళ్లలో కరగదు, మెదడు దాకా సరిగ్గా చేరదు. దాన్ని పీఎల్‌జీఏ పాలిమర్ నానో కణాల్లో పెట్టి, పైన పాలీసార్బేట్ 80 పూత వేశాం. కణాలు 150 నానోమీటర్ల లోపు వచ్చాయి, కరిగే గుణం బాగా పెరిగింది. 4 నెలల కిందట ఒక సదస్సులో పోస్టర్ పెట్టాను. ఇప్పుడు పేటెంటు వేద్దామంటే ‘పాత మందుకు కొత్త రూపం, 3(డి) కింద కొట్టేస్తారు’ అని ఒకరు భయపెట్టారు. నిజమేనా? వస్తే అది నాదా, సంస్థదా?

జవాబు: మిమ్మల్ని భయపెట్టినాయన సగం నిజమే చెప్పారు. పేటెంట్ల చట్టం, 1970 తెరిచి సెక్షన్ 3(డి) కింద ఉన్న వివరణ చదవండి. లవణాలు, ఎస్టర్లు, పాలిమార్ఫ్‌లు (ఒకే పదార్థపు వేర్వేరు స్ఫటిక రూపాలు) అంటూ సాగే వరుసలో ‘కణ పరిమాణం’ అని పేరుపెట్టి మరీ రాశారు. మందును చిన్న కణాలుగా చేశామంటే చట్టం దృష్టిలో అది పాత పదార్థమే. సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా చూపిస్తేనే బయటపడతారు.

ఆ సామర్థ్యం ఏమిటో 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇమాటినిబ్ మెసిలేట్ అనే క్యాన్సర్ మందు బీటా స్ఫటిక రూపం ఎలుకల్లో 30 శాతం ఎక్కువగా రక్తంలోకి చేరిందని కంపెనీ చూపింది. కోర్టు ఒప్పుకోలేదు. మందుకు సామర్థ్యమంటే జబ్బును నయం చేసే గుణం, ఒంటికి ఎక్కువ అందడం ఒక్కటే దానికి రుజువు కాదు, పెరిగిందంటే పరిశోధన ఆధారాలతో చూపాలి అంది.

ఇప్పుడు మీ దగ్గరున్నదేమిటి? కరిగే గుణం, కణం సైజు. ల్యాబ్‌లో ఇవి పెద్ద విజయాలే, పేటెంటు దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ ముందు మాత్రం బోణీ కూడా కావు. జంతు నమూనాలో నాలుగు గుంపులు పెట్టండి: ఒట్టి కర్కుమిన్, మందు లేని ఖాళీ కణాలు, మందూ పాలిమరూ పాలీసార్బేటూ ఊరికే కలిపిన మిశ్రమం, మీ నానో కణాలు. మూడో గుంపును చాలామంది వదిలేస్తారు. పాలీసార్బేట్ తనంతట తానే మందును కరిగిస్తుంది కాబట్టి ‘ఈ గొప్ప కణానిదా, సబ్బులాంటి ఆ పదార్థానిదా?’ అని అడిగితే నోరు పెగలదు. మెదడులో ఎంత మందు చేరిందన్నది ఒక్కటే కాదు, ఎన్ని నాడీకణాలు బతికాయి, జంతువు నడకా జ్ఞాపకమూ ఎంత నిలిచాయన్నది కొలవండి.

నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టేది 3(డి) కాదు. పాలీసార్బేట్ 80 పూతతో మందును మెదడుకు పంపడం 1990ల నుంచీ తెలిసిందే. పీఎల్‌జీఏలో కర్కుమిన్ మీద పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. ఈ రంగంలో పనిచేసే ఎవరికైనా తట్టే కలయికే అంటే, చట్టం అడిగే ‘ఆవిష్కరణ మెట్టు’ దగ్గర ఆగిపోతారు. మీ తయారీలో ఎవరూ ఊహించనిదేమిటో గైడుగారితో కూర్చుని ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే డబ్బు దండగ చేసుకోకండి.

క్లెయిములు, అంటే దేనిమీద హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యాలు, రాసేటప్పుడు ‘పార్కిన్సన్స్ లాంటి మెదడు జబ్బుకు చికిత్స చేసే పద్ధతి’ అని పెట్టొద్దు, 3(ఐ) ఒప్పుకోదు. తయారీనీ దాన్ని చేసే విధానాన్నీ అడగండి. కర్కుమిన్ పసుపు నుంచి వచ్చేదే కాబట్టి సంప్రదాయ జ్ఞానం గురించిన 3(పి) కూడా ఎదురవుతుంది. గాయాలకు పసుపు అంటూ అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది కదా. మీ ముడిసరుకు ఇక్కడి పసుపు నుంచి తీసిందైతే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వ్యవహారం కూడా ముందే కనుక్కోండి.

ఇక పోస్టర్. దరఖాస్తుకు ముందే మీరే బయటపెట్టేస్తే అది ‘కొత్తది’ కాదనొచ్చు. అయితే విద్వత్ సంఘం ముందు చదివిన పత్రానికి సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటుంది. పోస్టరు ‘చదివిన పత్రం’ అవుతుందా, ఆ సదస్సు పెట్టింది విద్వత్ సంఘమేనా అన్నవి వాదనకు తావున్న విషయాలే. మిగిలిన 8 నెలలూ వాడుకుందామని కూర్చోకండి. ఈ వారమే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (తాత్కాలిక వివరపత్రం) వేయండి, తేదీ ఖాయమవుతుంది. పూర్తి స్పెసిఫికేషన్‌కు అప్పటి నుంచి 12 నెలలుంటాయి, జంతు పరీక్షలు ఆలోగా ముగించి ఫలితాలు అందులో పెట్టొచ్చు. ఐరోపా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అక్కడ ఇలాంటి వెసులుబాటు లేదు, మీ పోస్టరే మీకు అడ్డం.

హక్కు ఎవరిదంటారా? ఉద్యోగి కనిపెట్టింది యజమానిదే అని మన పేటెంట్ల చట్టం ఎక్కడా చెప్పదు. దరఖాస్తు చేసే హక్కు అసలు కనిపెట్టినవారిది, లేదా వారు రాసిచ్చినవారిది. అయితే చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఆ రాసివ్వడం ఇప్పటికే జరిగిపోయి ఉండొచ్చు. సంస్థ మేధోహక్కుల విధానాన్ని, ఫెలోషిప్ షరతులను తీసి చదవండి. హక్కు సంస్థకే పోయినా ఆవిష్కర్తగా మీ పేరు ఉండాల్సిందే. తేదీలు వేసి గైడు సంతకం పెట్టిన ల్యాబ్ నోట్‌బుక్ దానికి గట్టి సాక్ష్యం.

థీసిస్ సమర్పణ దగ్గరపడితే ముందు అప్లికేషన్ నంబరు చేతికి తెచ్చుకోండి. థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండారంలోకి ఎక్కితే ప్రపంచమంతా చదివేసినట్టే లెక్క.