స్టేషన్‌కు అవతలి వైపు

ప్రశ్న: డిగ్రీలో మాకు అమెరికన్ రచయిత హెమింగ్వే కథ ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ (తెల్ల ఏనుగుల్లాంటి కొండలు) పాఠంగా ఉంది. స్పెయిన్‌లో ఒక రైల్వే స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్న జంట, గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది పేరెత్తకుండానే వాదించుకుంటారు. స్టేషన్‌కు ఒక వైపు బీడు, రెండో వైపు పంట చేలు. బీడు గర్భస్రావానికి, చేలు బిడ్డకు గుర్తులని రాస్తే మార్కులు వస్తున్నాయి. కథలో ఉన్నది అంతేనా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ గుర్తులు తప్పు కావు, అక్కడే ఆగిపోతే మాత్రం కథ చేజారిపోతుంది. పామూరు, కనిగిరి మెట్టల నుంచి బస్సెక్కి వచ్చినవారికి నెల్లూరు దగ్గర పెన్నా కాలవల కింద మాగాణి కంటబడితే కలిగే ఊరటను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 1927లో అచ్చయిన ఈ కథలో ఎబ్రో నది లోయ కూడా అలాగే రెండు రకాలుగా ఉంటుంది. అయితే ఆ రెండో వైపును ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది.

వాళ్ళు కూర్చున్న చోట భవనం నీడ తప్ప చెట్టు నీడ లేదు. ఆపరేషన్ చాలా తేలికైనదని అతడు పదేపదే నచ్చజెబుతుండగా, ఆమె లేచి స్టేషన్ చివరిదాకా నడిచి వెళ్తుంది. అక్కడికి వెళ్ళాకే చేలు, నది ఒడ్డున చెట్లు ఆమె కంటబడతాయి. చేను మీదుగా ఒక మబ్బు నీడ సాగిపోతుంది. ఇదంతా మనకు దక్కేదే కదా అన్నట్టుగా ఆమె మాట్లాడితే, అతడు నీడలోకి రమ్మని పిలుస్తాడు. ఎండలో నిలబడ్డ మనిషిని నీడకు పిలవడం మన వైపు ఆదరణ కింద లెక్క. ఇక్కడ అదే పిలుపు, ఆమె అప్పుడే చూసిన దాని నుంచి ఆమెను వెనక్కి లాగుతుంది.

మీ సూత్రానికి లొంగని సంగతి ఇంకొకటి ఉంది. మాడ్రిడ్ వెళ్ళే రైలు వచ్చేది ఆ అవతలి పట్టాల మీదికే. చివర్లో అతడు బరువైన సంచులు రెండూ మోసుకుపోయి పెట్టేదీ ఆ వైపే. దీన్నిబట్టి అతడు మనసు మార్చుకున్నాడని కొందరు చదువుతారు. నాకు అంత నమ్మకం కుదరదు. పంట చేలూ, వాళ్ళు ఎక్కవలసిన రైలూ ఒకే వైపు ఉన్నప్పుడు, ఇది మంచి వైపు, అది చెడ్డ వైపు అని గీత గీయడానికి రచయిత మనకు చోటివ్వలేదు. రైలు రావడానికి 40 నిమిషాలు, ఆగేది 2 నిమిషాలు. ఆ కాస్త వ్యవధి మనిషిని ఎలా తొందరపెడుతుందో కావలి స్టేషన్‌లో సామానుతో నిలబడ్డవారికి తెలియనిది కాదు.

ఇక కథ పేరులోని తెల్ల ఏనుగు. తెల్ల ఏనుగు అంటే వదిలించుకోలేని భారమన్న అర్థం మన పత్రికల్లోనూ వాడుకలో ఉన్నదే. కానీ మాయాదేవి బుద్ధుణ్ణి కడుపున మోయబోయే ముందు కలలో చూసిందీ తెల్ల ఏనుగునే. అమరావతి శిల్పాల్లో ఆ కల చెక్కి ఉంది. రచయిత దీన్ని తలచాడని నేను అనను. కొండలు తెల్ల ఏనుగుల్లా ఉన్నాయని మొదట అన్నది ఆమె అని మరిచిపోకుండా చదివితే, ఆ పోలికలో భారమొక్కటే వినిపించదు.

జవాబు రాసేటప్పుడు ఇద్దరి చూపులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె చేను వైపు చూస్తుంది. అతడు గోడకు ఆనించిన సంచుల వైపు చూస్తాడు. వాటి మీద ఇద్దరూ కలిసి రాత్రులు గడిపిన హోటళ్ళ లేబుళ్ళు అంటించి ఉంటాయి.