దుబాయిలో రంజాన్ పండుగ నెల్లూరు కంటే ఒక రోజు ముందే ఎందుకు?

నెలవంక కనిపించినట్టు అక్కడ తరచుగా మనకంటే ఒక సాయంత్రం ముందే ప్రకటిస్తారు కాబట్టి. నెల్లూరులో పొద్దు గుంకిన సుమారు గంటన్నరకు గానీ దుబాయిలో సూర్యాస్తమయం కాదు. ఆలోగా చంద్రుడు సూర్యుడికి ఇంకాస్త ఎడంగా జరుగుతాడు. సన్నటి గీత కంటికి ఆనే అవకాశం పెరుగుతుంది. ఇరవై తొమ్మిదో సాయంత్రం కనబడకపోతే ముప్పయ్యో ఉపవాసం తప్పదు. గంటన్నర తేడా రోజంతా అయ్యేది అందుకే.

2025లో దుబాయిలో మార్చి 30న పండుగ, ఇక్కడ 31న. నెల్లూరు కోటమిట్టలో అవ్వాతాతలు ఇఫ్తార్‌కు ఖర్జూరం చేతిలో పట్టుకుని ఉండగానే, ఫోనులో మనవడు కొత్త బట్టలతో షీర్ ఖుర్మా తాగుతుంటాడు.

ముందు పండుగ చేసుకున్నవారు ఒక ఉపవాసం తగ్గించారనుకోవడం పొరపాటు. ఆ ఏడాది వారు మొదలుపెట్టిందీ ఒక రోజు ముందే, మార్చి 1న. రెండు చోట్లా ఇరవై తొమ్మిదే. నెల మధ్యలో అక్కడి నుంచి ఊరికి వచ్చినవారికి మాత్రం ముప్పై అయ్యాయి.